బీరు నాది, ముక్కు భాయ్‌ది

“ఆయన తాగడు.”

నేను అనవలసిన మాటలు ఈ రెండే. మెల్‌బోర్న్ పడమటి శివారులో ఒక పార్కులో చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. చుట్టూ ఉన్న తెలుగువాళ్ళు నవ్వుతూ నా మొహంలోకి చూస్తున్నారు. నేను ఆ మాట అనలేదు. అనకపోతే పోయె, సన్నగా ఒక నవ్వు కూడా నవ్వాను. ఆ నవ్వు వల్ల ఒక మంచి మనిషికి తన వాళ్ళలో ఉన్న మర్యాద పోయింది. అందుకు కారణం నేనేనని చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే ఒప్పేసుకుంటాను. బీరు వాసన చూసి అందులో ఏ రకం హాప్ పువ్వు పడిందో చెప్పగలనని ఇక్కడి మిత్రుల్లో నాకొక పేరుంది. ఆ పేరు దొంగసొత్తు. నా ముక్కు జలుబు చేయడానికి తప్ప దేనికీ పనికిరాదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ లెక్క తప్పుతాయని లోకం భయపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని కోసం మమ్మల్ని విమానాల్లో బస్తాల్లా దింపారు. మాది తెనాలి దగ్గర. నన్నూ, వరంగల్ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుర్రాణ్ణీ కన్సల్టెన్సీ వాళ్ళు ఒక పాత చెక్క ఇంట్లో పెట్టారు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే పని. నాకంటే కొంచెం చిన్నవాడు. నేను భాయ్ అనేవాణ్ణి, తను అన్నా అనేవాడు.

భాయ్ తండ్రిది వరంగల్‌లో టీ పొడి కొట్టు. ఊళ్ళో హోటళ్ళకి ఏ పొడిలో ఏ పొడి కలిపితే రంగొస్తుందో, దేనితో వాసనొస్తుందో చూసి కలిపి ఇచ్చేవారట. భాయ్ బడి వదలగానే ఆ కొట్లో కూర్చుని ఆకు అరచేతిలో నలిపి, దాని మీద వెచ్చగా ఊపిరి వదిలి, వాసన చూడడం నేర్చుకున్నాడు. ఆఫీసులో మాత్రం తల వంచుకుని కూర్చునేవాడు. మీటింగులో ఆయన గొంతు విన్నవాళ్ళు తక్కువ.

ఆదివారం మాత్రం వేరే మనిషి. హైదరాబాద్ వాళ్ళు కొందరు నమాజుకని ఒక హాలు అద్దెకు తీసుకున్నారు. అక్కడ పొద్దున పూట పిల్లలకు అరబ్బీ అక్షరాలు నేర్పేవాడు. ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని, జేబు నిండా చాక్లెట్లు పోసుకుని వెళ్ళేవాడు. తిరిగొచ్చి బూట్లు విప్పకుండానే మొదలుపెట్టేవాడు.

“ఇయాల ఆ బక్కపోరి మొత్తం అక్షరాలు అప్పజెప్పింది అన్నా. ఇంగ్లీషు యాసలనే, కని మొత్తం చెప్పింది.”

ఆ దేశంలో ఆయన్ని ‘సార్’ అని పిలిచేది ఆ పిల్లలొక్కరే.

ఇక నా సంగతి. ఆఫీసులో ఒక తెల్లాయన తన గరాజులో తనే బీరు చేసుకుంటానని చెప్పాడు. నేను పచ్చళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. జాడీలో వేసి మూత పెడితే ఏదైనా తయారవుతుందని నా నమ్మకం. ప్లాస్టిక్ డ్రమ్ము, బార్లీ పాకం డబ్బా కొనుక్కొచ్చాను. మొదటిసారి చేసిన సీసాలు బట్టలుతికే గదిలో ఒకదాని తర్వాత ఒకటి పేలిపోయాయి. రెండోసారి చేసింది పేలలేదు, అంతకన్నా దారుణంగా నిలిచింది. శనివారం ఇంటికొచ్చిన గుంటూరు మిత్రుడొకడు ఒక గుక్క తాగి, “బాగానే ఉందిరా, మా గేదె కూడా కాదనదు” అన్నాడు.

హాప్స్ సరిగ్గా వాడాలని దుకాణం వాళ్ళు చెప్పారు. తీగకు పూసే పచ్చటి పువ్వు అది, చిటికెనవేలి కొసంత ఉంటుంది. బీరుకు చేదు, వాసన ఇచ్చేది అదే. అందులో బోలెడు రకాలు. ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళ క్లబ్బు ఒకటి నెలకోసారి కూడుతుందంటే వెళ్ళాను. గడ్డాల పెద్దమనుషులు గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకాయన తేనె అంటాడు, ఒకాయన గడ్డి అంటాడు, ఇంకొకాయన నిమ్మతొక్క అంటాడు. నా వంతొచ్చింది. పుట్టినప్పటి నుంచి కొరివికారం తిన్న నాలుక నాది. దాన్ని నమ్ముకుని, “చేదుగా ఉంది” అన్నాను.

పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టి, “బీరు కదా, మేట్” అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి శనివారం పొయ్యి మీద బార్లీ నీళ్ళు మరుగుతుంటే భాయ్ వంటింట్లోకి వచ్చాడు.

“ఏం మరగబెడుతున్నవన్నా? ఎవలికన్న దగ్గు లేసిందా?”

“బీరు, భాయ్.”

“గిది బీరెట్లయితది? కషాయం లెక్కుంది.”

“ఇప్పుడు కషాయమే. చల్లారాక ఈస్ట్ వెయ్యాలి. అప్పుడు పులిసి బీరవుద్ది.”

భాయ్ గిన్నెలోకి తొంగిచూశాడు. “అయితే ఈస్ట్ పడేదాంక ఇది బార్లీ నీళ్ళే. పడ్డంక నేను ఈ దిక్కు రాను. సరేనా?”

సరే అన్నాను. ఆయన పొట్లంలోంచి ఒక ఎండు పువ్వు తీసి, అరచేతుల మధ్య నలిపి, వెచ్చగా ఊపిరి వదిలి, కళ్ళు మూసుకున్నాడు. హాప్ రైతులు కూడా సరిగ్గా అలాగే చూస్తారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

“పంపరపనస,” అన్నాడు. “పండు కాదు. తొక్క. గోటితోని గిచ్చితే కండ్లల్లకు చిమ్ముతది చూడు, అది.”

పొట్లం మీద క్యాస్కేడ్ అని ఉంది. ఇంకో పొట్లం ఇచ్చాను. అది ఫగుల్.

“టీ పెట్టె. పొడంత తీసినంక అడుగున చెక్క వాసనొస్తది. తడి మన్ను వాసన గూడ ఉంది జర.”

సాజ్ అనే రకానికి ఎండుగడ్డి, దాని మీద చితక్కొట్టిన మిరియం అన్నాడు. గోల్డింగ్ అనేదానికి తేనె పిండేశాక మిగిలిన మైనం అన్నాడు. ఇక్కడి నేలలో పెరిగే ప్రైడ్ ఆఫ్ రింగ్‌వుడ్‌ను మాత్రం రెండుసార్లు నలిపి చూశాడు. “సామిల్లు. అప్పుడే కోసిన దూలం. మోటుది. ఒక్కసారి ముక్కుల జొరబడ్డదంటే పోదు, మా మేనమామ లెక్క.”

ఆ తర్వాత మా శనివారాలు అలాగే గడిచాయి. ఒకే కషాయాన్ని నాలుగైదు గిన్నెల్లోకి పంచి, ఒక్కోదానిలో ఒక్కో రకం పువ్వు వేసేవాళ్ళం. మిగతావన్నీ ఒకటే కాబట్టి తేడా అంతా పువ్వుదే. భాయ్ గిన్నె గిన్నె మీదా వంగి ఆవిరి పీల్చి చెప్పేవాడు. యాలకులు ముందే వేస్తే టీలో వాసన నిలవదు, దించేముందు వెయ్యాలి, ఈ పువ్వు కూడా అంతే అన్నాడు. అదేదో మహా రహస్యమనుకుని నేను దాన్ని క్లబ్బులో ప్రకటించాను. ఆ ముక్క పాకం డబ్బా వెనకాలే అచ్చేసి ఉందని ఒకాయన చూపించాడు.

చల్లారి, నేను ఈస్ట్ పొట్లం చించిన చప్పుడు కాగానే భాయ్ చేతులు సబ్బుతో కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయేవాడు. తయారైన బీరు మీద ఒక్కసారైనా వంగలేదు.

నేనేమో ఏ సీసాలో ఏ రకమో తెలిసేలా రంగు రంగు మూతలు బిగించి, ఆయన మాటలు బట్టీపట్టి క్లబ్బుకు పట్టుకెళ్ళేవాణ్ణి. ఎర్రమూత సీసా తీసి గ్లాసులో పోసి, కళ్ళు మూసుకుని, భాయ్ ఎంతసేపు ఆగేవాడో అంతసేపు ఆగి, “టీ పెట్టె అడుగు చెక్క” అనేవాణ్ణి. వాళ్ళు తాగి చూసి తలలూపేవాళ్ళు. ఎంతైనా మసాలాల దేశం కదా అని ఒకాయన మెచ్చుకున్నాడు. మా దేశం తరఫున ఆ మెప్పు నేను పుచ్చుకున్నాను.

ఒకసారి ఎవరో తన సీసా తెచ్చి నన్ను చెప్పమన్నాడు. మూత రంగు ఆధారం లేదు. ఏదో ఒకటని, “కొత్తగా కోసిన చెక్క” అన్నాను. ఆ మనిషి నోరు తెరిచి, డ్రమ్ము తన వడ్రంగి షెడ్డులోనే పెట్టానని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఈ సంగతి భాయ్‌కి చెబితే పడీపడీ నవ్వాడు. నా అబద్ధంలో ఆయనకి అప్పటిదాకా వినోదమే కనిపించింది. దానివల్ల ఆయనకి వచ్చిన నష్టమేమీ లేదు మరి.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకు ఏమీ కాలేదు. మా శ్రమ ఫలించిందని కొందరం, ఆ భయమంతా ఉత్తదేనని కొందరం వాదించుకుంటూ పార్కులో బార్బెక్యూ పెట్టుకున్నాం. వేడి చేసిన ఒక ఇనప పలక మీద హలాల్ చికెన్, పక్క పలక మీద మిగతావి. హలాల్ పలక దగ్గర చిమటా పట్టుకుని ముక్కలు తిప్పుతున్నది ఆ నమాజు హాలు వ్యవహారాలు చూసే హైదరాబాద్ పెద్దాయన. అందరం అంకుల్ అనేవాళ్ళం. భాయ్‌కి ఆ రోజు ఆఫీసు డ్యూటీ పడింది, రాలేదు. క్లబ్బులోంచి ఇద్దరు తెల్లాయనల్ని నేనే పిలిచాను. నా ప్రతిభ మనవాళ్ళ ముందు వాళ్ళ నోటితో చెప్పించుకోవాలని.

గ్లాసులు నింపి నా ప్రదర్శన మొదలుపెట్టాను. పంపరపనస తొక్క అయింది. టీ పెట్టె దగ్గరకొచ్చేసరికి హనుమకొండ మిత్రుడొకడు అడ్డం తగిలాడు.

“ఆగవయ్యా. ఈ టీ పెట్టె మాట నీది కాదు, మా భాయ్‌ది. నీకు టీకి కాఫీకే ఫరక్ తెల్వది.”

“అంటే భాయ్ చెప్పాడా ఇవన్నీ?” అన్నాడు గుంటూరు మిత్రుడు. “తాగకుండా ఎట్టా చెప్పాడ్రా?”

“తాగకుంట ఎట్ల చెప్తడు? లోపల్లోపల ఒక గ్లాసు నడుస్తున్నట్టుంది.”

“ఔనా? ఒకే ఇంట్లో ఉంటావుగా, చెప్పు,” అన్నాడు గుంటూరు మిత్రుడు నాతో.

అందరూ నవ్వారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నేను చెప్పవలసింది చాలా సులువు. ఆయన తాగడు, ఎండు పువ్వులు నలిపి వాసన చూసి చెబుతాడు, నేను చిలకలా అప్పజెబుతాను. కానీ ఆ మాట చెబితే ముక్కు ఎవరిదో బయటపడుతుంది. క్లబ్బు వాళ్ళిద్దరూ పక్కనే నిలబడి, ఏమంటున్నారని నన్ను అడుగుతున్నారు. అందుకని నవ్వాను. ‘నా చేత చెప్పించకండి’ అన్నట్టు ఉంటుంది చూడండి, ఆ నవ్వు. నవ్వుతూ పక్కకు చూస్తే అంకుల్ చేతిలో చిమటా ఆగిపోయి ఉంది.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం భాయ్ వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు. జేబులో చాక్లెట్లు అలాగే ఉన్నాయి. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“కొన్నిరోజులు క్లాసు ఆపమన్నరన్నా. నేను తాగుతనని ఎవరో చెప్పిన్రంట.”

“ఎవరన్నారు?” అని అడిగాను. అవును, నేనే అడిగాను. గొంతులో కోపం కూడా తెప్పించుకున్నాను.

“పేరు చెప్పలే. అంకుల్ ముంగట కసం తిన్న. నమ్మలే. పిల్లల తల్లిదండ్రులకు ఏం జవాబు చెప్పాలె అన్నడు. నా అంగీలకు ఈ పువ్వుల వాసన పట్టిందేమో, అందుకే అనుకుంటున్నరేమో.” చాక్లెట్లు తీసి బల్ల మీద పెట్టి అన్నాడు: “నిన్ను సాక్ష్యానికి తీస్కపోదామనుకున్న. మల్ల వద్దనుకున్న. తాగేటోని సాక్ష్యం ఎవలింటరు? ఏమనుకోకన్నా.”

నేను ఏమీ అనుకోలేదు. హమ్మయ్య అనుకున్నాను.

“ఇగ నేను నీ పువ్వులు ముట్ట,” అన్నాడు. “తప్పు పట్టకు.”

అలా, నేను అడగవలసిన క్షమాపణ ఆయనే నన్ను అడిగాడు. నేను పెద్దమనసుతో ఫరవాలేదన్నాను.

క్లాసు మళ్ళీ మొదలవలేదు. హాల్లో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదట. ముందు వరసలో చోటు ఇవ్వడం మాత్రం మానేశారట. ఆ ఏడు చలి ముదరక ముందే, ఉత్తరాన ఏడాదంతా వేడిగా ఉండే డార్విన్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల పని చూసుకుని వెళ్ళిపోయాడు. చలి పడడం లేదు అని అందరికీ చెప్పాడు. ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. దారంతా చెబుదామనుకున్నాను, దారంతా వాతావరణం గురించి మాట్లాడాను.

ఆయన వెళ్ళాక నా ముక్కు ఆరిపోయింది. కొత్త రకం పువ్వు ఏది వచ్చినా నాకు చేదే. సైనస్ పట్టుకుందని క్లబ్బులో చెప్పాను. పాపం వాళ్ళు ఎన్నో ఏళ్ళు నా సైనస్ గురించి పరామర్శించారు. ఒకాయన భార్య ముక్కులో వేసుకునే మందు కూడా పంపింది. వేసుకున్నాను.

భాయ్ ప్రతి ఉగాదికీ ఫోన్ చేసేవాడు. ప్రతి రంజాన్‌కీ నేను చేసేవాణ్ణి. ఒకరినొకరు కులాసా అడిగి పెట్టేసేవాళ్ళం.

ఇప్పుడు నేను మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఉంటున్నాను. వీధిలో సగం మంది తెలుగు కుర్రాళ్ళు, వాళ్ళలో కొందరు గరాజుల్లో బీరు చేస్తారు. ఆ మధ్య ఒకబ్బాయి నన్ను పిలిచి, ఏ గ్లాసులో ఏ పువ్వో చెప్పి నాలుగు గ్లాసులు పెట్టాడు. పాత బట్టీ ఇంకా పోలేదు. ఎండుగడ్డి, మిరియం అన్నాను.

“వావ్ అంకుల్. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

“ఒక ఫ్రెండ్ దగ్గర. వరంగల్ భాయ్.”

“భాయ్ అంటే ముస్లిమా? ఆయన డ్రింక్ చేస్తారా మరి?”

నా పెదాలు కదిలాయి. వాటంతటవే, అదే నవ్వు కోసం. అప్పటికి జుట్టంతా నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ఆ నవ్వు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అబ్బాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పాక డార్విన్‌కి టికెట్ తీసుకున్నాను.

అక్కడ వానాకాలం. నేను వెళ్ళేసరికి భాయ్ వంటింట్లో నా కోసం వంకాయలు వేయిస్తున్నాడు. గడ్డం తెల్లబడింది. యూనివర్సిటీలో చదువుతున్న కూతురు నాకు సలాం చెప్పి ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. నేను నిలబడే చెప్పేశాను. పార్కు, టీ పెట్టె, గుంటూరు వాడి ప్రశ్న, నా నవ్వు, చిమటా పట్టుకున్న అంకుల్.

భాయ్ పొయ్యి కట్టేశాడు.

“నవ్వినవా?”

“నవ్వాను.”

“ఎట్ల నవ్వినవ్? చూపియ్యి.”

ప్రయత్నించాను. రాలేదు. పళ్ళు బయటపెట్టి నిలబడ్డాను, పంటి డాక్టరు ముందు నిలబడ్డట్టు.

“డాడ్, ఆర్ యూ ఓకే?” అంది కూతురు తల ఎత్తి.

“ఓకే బేటా.” నా వైపు తిరిగాడు. “అంగీల వాసనే అనుకున్న అన్నా. ఉన్న అంగీలన్ని పారేసి కొత్తయి కొన్న. పిల్లలెవరన్న బజార్ల కనబడితె పక్కకు తిరిగి పోయిన.”

“భాయ్, నన్ను...”

“ఆగు. నాకు తర్వాత చెప్పు. ముందుగాల అంకుల్‌కు చెప్పు. పెద్దమనిషి, ఎన్నిరోజులుంటడో. నేను తాగుబోతునని మనసుల పెట్టుకుని పోవద్దు.”

వంకాయ కూర వడ్డించాడు. ఇద్దరం తిన్నాం. రెండోసారి వడ్డించలేదు.

అంకుల్ ఇప్పుడు సిడ్నీలో, ద పాండ్స్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. వినికిడి తగ్గింది. నేను రహస్యంగా చెప్పుకుందామని వెళ్ళిన సంగతిని అరిచి చెప్పవలసి వచ్చింది. బీరు అని అరిచినప్పుడల్లా పక్కగదిలోంచి ఎవరో ఒకరు తొంగిచూశారు. కూతురు టీ ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఎండు పువ్వుల సంగతి, ఈస్ట్ పొట్లం చించగానే చేతులు కడుక్కుని లేచిపోవడం, నా గొప్ప కోసం నేను ఊరుకోవడం, అన్నీ ఇల్లంతా వినేలా చెప్పాను.

అంకుల్ టీ ట్రే పక్కన పెట్టమని కూతురికి సైగ చేశారు.

“ఆ పిలగాడు నా ముంగట కసం తిన్నడు,” అన్నారు. “కసం నమ్మలే నేను. నీ నవ్వు నమ్మిన.”

ఆయన నా ఫోను వైపు చెయ్యి చూపించారు.

“నంబరు కలుపు.”

కలిపి ఇచ్చాను. అంకుల్ ఉర్దూలో మాట్లాడారు. నాకు అందులో ‘బేటా’, ‘మాఫ్’ అనే రెండు మాటలే అర్థమయ్యాయి. ఆ రెండో మాట ఆయన పదే పదే అన్నారు. అవతల భాయ్ వద్దు వద్దంటున్నట్టు తెలుస్తోంది. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఫోను నా చేతికిచ్చారు.

అంకుల్‌తో అరిచీ అరిచీ ఆ గొంతు తగ్గించడం నాకు చేతకాలేదు. పక్కగదిలో అందరూ వింటున్నారని తెలుస్తూనే ఉంది. విననీ అనుకున్నాను.

“భాయ్, చెప్పేశాను. నిన్ను తాగుబోతును చేసింది నేను. అది తెలిసి కూడా, ఎవరన్నారని నిన్నే అడిగాను. నీ పిల్లల్ని నీకు దూరం చేశాను. గొప్పవాణ్ణి అనిపించుకోవాలనే తప్ప ఇంకే కారణమూ లేదు. నన్ను క్షమించు.”